మంచి చాక్లెట్టును గుర్తుపట్టడం ఎలా?

ఏలూరు జిల్లాలో ఒక కొబ్బరి తోట. పైన కొబ్బరి చెట్లు. వాటి నీడలో పొట్టిగా కోకో చెట్లు. తోట మధ్యలో కోకో కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. గుట్ట చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. చేతుల్లో కర్ర సుత్తులు ఉన్నాయి. టక్కుమని కాయను కొడతారు. అది రెండు చెక్కలవుతుంది. లోపల తెల్లటి గుజ్జు. గుజ్జులో గింజలు. వేళ్ళతో లాగి గంపలో వేస్తారు.

కొత్తగా పనికొచ్చిన ఒక కోడలు పిల్ల ఒక గింజ నోట్లో వేసుకుంది. గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా ఉంది. సీతాఫలం గుర్తొచ్చింది. అంతటితో ఊరుకోక గింజను కూడా కొరికింది. వెంటనే మొహం చిట్లించి తుపుక్కున ఉమ్మేసింది.

"అబ్బ! దీనికన్నా కాకరకాయ నయం. దీంతోనా అత్తా చాక్లెట్లు చేసేది?"

"దీంతోనేనంటమ్మా. పదేళ్ళ బట్టి కాయలు కొడతన్నాను. ఈ గింజ ఏ దారిన పోయి చాక్లెట్టు అవుద్దో నాకూ తెలీదు" అంది పెద్దామె.

ఆ దారి ఏమిటో తెలిస్తే రెండు లాభాలు. గింజ ఎక్కడ పాడవుతుందో, ఎక్కడ బాగుపడుతుందో తెలుస్తుంది. అంగట్లో పిల్లలు చాక్లెట్టు కావాలని మారాం చేసినప్పుడు ఏది కొనాలో, ఏది మానాలో కూడా తెలుస్తుంది.

ఏది చాక్లెట్టు?

మన ఊళ్ళలో కాగితంలో చుట్టిన ఏ బిళ్ళనైనా చాక్లెట్టు అనే అంటాం. నిమ్మ బిళ్ళ చాక్లెట్టే. పిప్పరమెంటూ చాక్లెట్టే. కిళ్ళీ కొట్టులో చిల్లర లేదని చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. వాటిలో చాలా వాటికి కోకోతో చుట్టరికం లేదు. పంచదార పాకం, రంగు, వాసన. అంతే. కోకో గింజతో చేసిందే అసలు చాక్లెట్టు.

అందులోనూ మూడు రకాలున్నాయి. కోకో, పంచదార కలిపి చేసేది డార్క్ చాక్లెట్. ఇది నల్లగా, కొంచెం చేదుగా ఉంటుంది. పాలపొడి కూడా కలిపితే మిల్క్ చాక్లెట్. పిల్లలు అడిగేది ఎక్కువగా ఇదే. మూడోది తెల్ల చాక్లెట్. గింజలో ఉండే వెన్న ఒక్కటే తీసి, దానికి పంచదార, పాలపొడి కలిపి చేస్తారు. గింజలోని నల్ల భాగం ఇందులో ఉండదు. అందుకే తెల్లగా ఉంటుంది.

తాగే చాక్లెట్టు నుంచి తినే చాక్లెట్టు దాకా

కోకో మన నేలలో పుట్టిన చెట్టు కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ఎగువ అడవుల్లో పుట్టింది. అక్కడి నుంచి మధ్య అమెరికాకు చేరింది. అక్కడి మాయా, అజ్టెక్ జనం వందల ఏళ్ళ కిందటే దాన్ని తాగేవారు. అవును, తాగేవారు. తినడం తర్వాత వచ్చింది. గింజలు వేయించి, రాతి మీద నూరి, నీళ్ళలో కలిపేవారు. కొందరు మిరపకాయ కూడా వేసేవారు. ఎత్తు నుంచి ఇంకో గిన్నెలోకి పోసి నురగ తెప్పించేవారు. మన టీ కొట్టు వాళ్ళు చెయ్యి పైకెత్తి టీ తిరగపోసినట్టే!

ఆ గింజలే అక్కడ డబ్బుగా కూడా చెల్లేవి. గింజలిచ్చి సరుకులు కొనుక్కునేవారు. డబ్బున్న చోట దొంగ డబ్బూ ఉంటుంది గదా. కొందరు గింజ లోపలిది తీసేసి, పొట్టులో మట్టి కూరి చలామణీ చేసేవారట.

తరువాత ఆ పానీయం ఐరోపాకు వెళ్ళింది. 1828లో హాలెండులో గింజల పిండి నుంచి వెన్నను పిండి తీసే యంత్రం వచ్చింది. 1847లో ఇంగ్లండులో ఫ్రై అనే కంపెనీ కొరుక్కుతినే చాక్లెట్టు చేసింది. 1875 ప్రాంతంలో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ అనే ఆయన దానికి పాలు కలిపాడు. అంటే చాక్లెట్టు పట్టీకి రెండు వందల ఏళ్ళు కూడా లేవు.

మన దేశంలో ముందు కేరళలో కోకో తోటలు పెరిగాయి. గోదావరి జిల్లాల్లో 1990ల నుంచి కొబ్బరి తోటల్లో, ఆ తరువాత పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేశారు. ఇవాళ దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2022లో పశ్చిమ గోదావరి జిల్లా విడిపోయాక ఆ తోటల్లో చాలా భాగం ఏలూరు జిల్లా కిందికి వచ్చాయి.

పులిస్తేనే రుచి

కోకో కాయ పనసకాయలాగా మానుకే కాస్తుంది. పువ్వు కాయై పండడానికి 5, 6 నెలలు పడుతుంది. ఒక కాయలో 30 నుంచి 45 దాకా గింజలుంటాయి. కిలో ఎండు గింజలు కావాలంటే సుమారు 25 కాయలు కొట్టాలి.

కాయను కత్తితో కొట్టకూడదంటారు. ఎందుకు? కత్తి గింజకు తగిలితే గింజ తెగుతుంది. తెగిన గింజకు బూజు పడుతుంది. అందుకే కర్ర సుత్తి.

తరువాతి పని పులియబెట్టడం. ఇడ్లీ పిండి సంగతి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగుతుంది. పులవని పిండితో ఇడ్లీ వేస్తే రాయిలాగా ఉంటుంది. కోకో గింజ కూడా అంతే. గుజ్జుతో సహా గింజల్ని చెక్క పెట్టెల్లోనో, గంపల్లోనో పోస్తారు. అరటాకులు, గోనె సంచులు కప్పుతారు. గుజ్జు కరిగి నీరై కారిపోతుంది. లోపల వేడి పుడుతుంది. 45 నుంచి 50 డిగ్రీల దాకా పోతుంది. చెయ్యి పెడితే చుర్రుమంటుంది. దగ్గరికి పోతే సారాయి వాసన, ఆ తరువాత వెనిగర్ వాసన. మధ్యమధ్యలో గింజల్ని తిరగెయ్యాలి. ఇలా 5 నుంచి 7 రోజులు.

ఈ వేడికి, పులుపుకు గింజలోని మొలక చచ్చిపోతుంది. గింజ లోపలి ఊదా రంగు మారి గోధుమ రంగు వస్తుంది. కోడలు పిల్ల ఉమ్మేసిన ఆ చేదు, వగరు సగం ఇక్కడే విరుగుతాయి. చాక్లెట్టు వాసనకు పునాది కూడా ఇక్కడే పడుతుంది. ఇక్కడ తొందరపడి మూడు రోజులకే తీసేసిన గింజను ఏ పెద్ద కంపెనీ కొన్నా, ఎంత ఖరీదైన యంత్రంలో వేసినా మంచి చాక్లెట్టు రాదు.

ఆ తరువాత ఎండబెట్టాలి. నేల మీద కాకుండా బల్లల మీదో, చాపల మీదో. వాన తగిలితే బూజు. పొయ్యి పొగ తగిలితే పొగ వాసన. అది చాక్లెట్టు దాకా వదలదు. 100 గ్రాముల గింజలో నీరు 7 గ్రాములకు మించకూడదు. గుప్పెడు గింజలు పట్టి నలిపితే పటపటమని చప్పుడు రావాలి.

కొనేవాళ్ళు కొన్ని గింజల్ని నిలువుగా కోసి చూస్తారు. లోపల గోధుమ రంగు, పగుళ్ళు కనిపిస్తే బాగా పులిసినట్టు. ఊదా రంగుంటే సగం పులిసినట్టు. పలక రంగులో గట్టిగా ఉంటే అసలు పులవనట్టు. ఈ పరీక్షను కాయలు కొట్టే ఆడవాళ్ళూ చేసుకోవచ్చు. చిన్న కత్తి, పది గింజలు చాలు. సరుకు బాగా లేదని ఎవరైనా ధర తగ్గిస్తే, ఆ మాట నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ధర సంగతీ చెప్పుకోవాలి. ప్రపంచంలో కోకో సగానికి పైగా ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లోనే పండుతుంది. అక్కడ వానలు, తెగుళ్ళ వల్ల పంట దెబ్బతింది. దాంతో 2024లో ధర ఆకాశానికంటింది. గోదావరి జిల్లాల్లో కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025లో అదే గింజ ధర సగానికి పడిపోయింది. రైతులు ధర్నాలు చేశారు. ఎక్కడో ఆఫ్రికాలో వాన పడితే మన తోటలో కూలి మీద దెబ్బ పడుతుంది. ఐవరీ కోస్ట్, ఘనా తోటల్లో చాలా మంది చిన్న పిల్లలు కత్తులు పట్టి పని చేస్తున్నారు. అదీ చాక్లెట్టు కథలో భాగమే.

వేయించడం, చెరగడం, రుబ్బడం

ఎండిన గింజల్ని వేయిస్తారు. వేరుశెనగ గుళ్ళు వేయించినట్టే. మాడితే చేదు, పచ్చిగా ఉంటే పులుపు. వేగాక చితక్కొట్టి పొట్టు ఎగరేస్తారు. మన చేట పని అక్కడ గాలి యంత్రం చేస్తుంది. మిగిలిన పలుకుల్ని రుబ్బుతారు.

ఇక్కడ ఒక సరదా సంగతి ఉంది. చాక్లెట్టు చేసే చిన్న చిన్న కార్ఖానాలు అమెరికాలో, ఐరోపాలో చాలా వచ్చాయి. వాళ్ళకు పెద్ద కంపెనీల యంత్రాలు కొనే స్తోమత లేదు. అప్పుడు వాళ్ళ కంటపడింది మన దక్షిణాది వెట్ గ్రైండర్. దోసెల పిండి రుబ్బే రాతి గ్రైండరే! దాన్ని కాస్త మార్చి కోకో పలుకులు, పంచదార వేసి రుబ్బడం మొదలుపెట్టారు. దోసెల పిండికి అరగంట. చాక్లెట్టుకు ఒకటి నుంచి మూడు రోజులు ఆగకుండా తిరగాలి. నాలుకకు పలుకు తగలకుండా మెత్తగా అయ్యేదాకా రుబ్బుతారు.

నీళ్ళు పోయకుండానే ఆ పలుకులు జారుగా ఎలా అవుతాయి? నువ్వులు దంచితే నూనె ఊరినట్టే. కోకో పలుకుల్లో సగం కొవ్వే. దాన్నే కోకో బటర్ అంటారు. అంటే కోకో వెన్న.

అసలు కిటుకు ఆ వెన్నలో ఉంది

కోకో వెన్న మామూలు వెన్న లాంటిది కాదు. మన గదిలో గట్టిగా ఉంటుంది. సుమారు 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అందుకే మంచి చాక్లెట్టు చేతిలో గట్టిగా ఉండి, నోట్లో పెట్టగానే వెన్నలా కరుగుతుంది. అయితే మన రోహిణి కార్తె ఎండలో సంచిలో ఉన్నా కరిగిపోతుంది. అది దాని తప్పు కాదు.

ఈ వెన్న ఖరీదైంది. ఒంటికి రాసే క్రీముల్లో, మందుల్లో కూడా వాడతారు. అందుకని కొందరు తయారీదార్లు దాన్ని తీసేసి, బదులుగా పామాయిల్ గింజ కొవ్వు లాంటి చవక కొవ్వు వేస్తారు. దానికి కోకో పొడి, పంచదార కలుపుతారు. దీన్ని కాంపౌండ్ అంటారు. చూడడానికి చాక్లెట్టు లాగే ఉంటుంది. బిస్కెట్ల మీద, ఐస్‌క్రీమ్ మీద పూసేది చాలా వరకు ఇదే. ఏలూరు జిల్లా తోటల్లో పైన పామాయిల్ గెలలు, కింద కోకో కాయలు ఒకే చోట కాస్తాయి. అంగట్లోకి వచ్చేసరికి ఒకటి రెండోదాని వేషం వేస్తుంది!

కాంపౌండ్ విషం కాదు. తింటే ఏమీ కాదు. కానీ చాక్లెట్టు ధర పెట్టి దాన్ని కొనడం దండగ.

అట్ట మీద ఏముంది?

చాక్లెట్టు అట్ట మీద తెలుగు కనిపించడం అరుదు. ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటుంది. అలాగని అట్ట పారెయ్యకండి. అంకెలు అన్ని భాషల వాళ్ళకూ ఒకటే. బరువు, ధర, తేదీ మీరు చదవగలరు.

ముందు లెక్క కట్టండి. ఒక పట్టీ బరువు 50 గ్రాములు, ధర 50 రూపాయలు అనుకోండి. గ్రాము రూపాయి పడింది. ఇంకో పట్టీ 20 గ్రాములు, 25 రూపాయలు. గ్రాము రూపాయి పావలా. చిన్నది చవకగా కనిపించినా నిజానికి అదే ఎక్కువ ధర. అట్ట పెద్దదిగా ఉండి లోపల సరుకు తక్కువగా ఉండడం కూడా మామూలే.

తరువాత శాతం చూడండి. డార్క్ చాక్లెట్టు మీద 55%, 70%, 85% అని ఉంటుంది. 70% అంటే 100 గ్రాముల్లో 70 గ్రాములు కోకో గింజ నుంచి వచ్చిందే. మిగతా 30 గ్రాములు దాదాపు పంచదార. అంకె పెరిగే కొద్దీ తీపి తగ్గుతుంది. పెద్ద అంకె ఉన్నదే మంచిదని అనుకోవద్దు. పాడు గింజతో 85% చేసినా పాడుగానే ఉంటుంది. మొదటిసారి తినేవాళ్ళకు 55 దగ్గర మొదలుపెట్టడం హాయి.

ఇక సరుకుల పట్టిక. ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరు ముందు రాయాలని నియమం ఉంది. మొదటి పేరు పంచదారైతే అందులో అన్నిటికన్నా ఎక్కువున్నది పంచదారే. చదువుకునే పిల్లల చేత ఆ పట్టిక బయటికి చదివించండి. "కోకో బటర్" అని వినిపించిందా? మంచిది. "వెజిటబుల్ ఫ్యాట్", "హైడ్రోజనేటెడ్" అనే మాటలు ముందు వరసలో వినిపించాయా? అది కాంపౌండ్ అయి ఉంటుంది. పిల్లలకు ఇదొక ఆట. పట్టిక చదివినవాడికి మొదటి ముక్క అని చెప్పి చూడండి.

మంచి డార్క్ చాక్లెట్టులో మూడు నాలుగు సరుకులకు మించి ఉండవు. కోకో గింజలు, పంచదార, కొంచెం కోకో వెన్న. గింజ ఏ ప్రాంతానిదో కూడా కొందరు రాస్తారు. బంగినపల్లి, చెరకురసం అని మామిడిపండును పేరు పెట్టి అమ్మినట్టు. హైదరాబాదులో బంజారాహిల్స్‌లో 2023లో మనం అనే పేరుతో ఒక చాక్లెట్ కార్ఖానా తెరిచారు. వాళ్ళు పశ్చిమ గోదావరి గింజతో చాక్లెట్టు చేసి, ఆ ప్రాంతం పేరుతోనే అమ్ముతున్నారు. ఇలాంటి పట్టీల ధర వందల్లో ఉంటుంది. కూలి చేసుకునే మనిషికి ఒక పట్టీ అంటే ఒక రోజు కూలి. కాబట్టి రోజూ తినే వస్తువు కాదది. పండక్కో, పుట్టినరోజుకో పదిమంది కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. నిజానికి దాన్ని తినేది కూడా చిన్న ముక్కే.

తినడానికీ ఒక పద్ధతి

ముందు కంటితో చూడాలి. మంచి పట్టీకి నిగనిగలాడే మెరుపు ఉంటుంది. తరువాత విరవాలి. టప్‌మని చప్పుడు రావాలి. సాగినట్టు విరిగితే కరిగి మళ్ళీ గట్టిపడిన సరుకో, వెన్న సరిగా లేని సరుకో అయి ఉంటుంది. అయితే మిల్క్ చాక్లెట్టు కాస్త మెత్తగా విరుగుతుంది. విరిచిన చోట వాసన చూడాలి.

ఇప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోవాలి. నమలకూడదు. ఇదే కష్టం. పిల్లలు అసలాగరు. అర నిమిషం ఊరుకుంటే అదే కరుగుతుంది. ముందు చేదు తెలుస్తుంది. తరువాత తీపి. ఆ తరువాత పండు పులుపు లాంటిదో, వేయించిన గుళ్ళ వాసన లాంటిదో, బెల్లం లాంటిదో ఏదో ఒకటి తగులుతుంది. ఒక్కో తోట గింజకు ఒక్కో రుచి. కాంపౌండ్ అయితే మైనం నమిలినట్టు ఉండి, అంగిట్లో జిడ్డు పొర మిగులుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని తింటే ఒక్కసారికే తేడా పట్టేస్తారు.

షుగరు జబ్బున్నవాళ్ళు డార్క్ చాక్లెట్టు మంచిదన్న మాట విని ఎక్కువ తినకూడదు. అందులోనూ పంచదార ఉంది. ఇంకోటి. కుక్కకు చాక్లెట్టు పెట్టకండి. మనకు పడేది దానికి విషమవుతుంది.

మిగిలితే ఎలా దాచాలి?

చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్న చోట పెట్టాలి. పోపుల పెట్టె పక్కన పెడితే ఇంగువ వాసన పీల్చేస్తుంది. కోకో వెన్నకు ఏ వాసనైనా ఇట్టే అంటుకుంటుంది. ఎండాకాలంలో మన ఇళ్ళలో ఫ్రిజ్ తప్పదు. అప్పుడు కాగితంలో గట్టిగా చుట్టి, మూత బిగించిన డబ్బాలో పెట్టండి. తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి. చల్లదనం తగ్గేదాకా ఆగండి. లేకపోతే చాక్లెట్టు మీద చెమట పట్టి, పంచదార పైకి తేలి తెల్లటి పొర కడుతుంది.

కరిగి మళ్ళీ గడ్డకట్టినా తెల్ల మచ్చలు వస్తాయి. అది వెన్న పైకి తేలడం వల్ల. చాలా మంది బూజు అనుకుని పారేస్తారు. అది బూజు కాదు. రుచి కొంచెం తగ్గుతుంది గానీ తినొచ్చు. పారెయ్యబుద్ధి కాకపోతే వేడి పాలలో వేసి కలిపి పిల్లలకు ఇవ్వండి.

తోటలో మధ్యాహ్నం అన్నాల వేళ అయింది. తోట యజమానురాలు పట్నం నుంచి వచ్చిన ఒక పట్టీ తెచ్చింది. ఆ చుట్టుపక్కల గింజతో చేసిందేనంది. ఎనిమిది మందికి ఎనిమిది ముక్కలు విరిచింది. టప్ టప్‌మన్నాయి. కోడలు పిల్ల నోట్లో వేసుకుని కరకరా నమిలి మింగేసింది. పెద్దామె మాత్రం కళ్ళు మూసుకుని ఊరుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఇందులో గుజ్జు పులుపు తగులుతందే" అంది.

"ఏదీ అత్తా, నాకు తెలీలేదే!"

"నువ్వు నమిలేశావు గదా."